నీరటి అప్పగించిన వంతు

హజ్ యాత్రకు పేరు వచ్చిందని కబురు అందిన రోజు ఖోల్‌నజర్‌కు ముందు గుర్తొచ్చింది దేవుడు కాదు, కాలువ. తొమ్మిదేళ్ళుగా వరసలో ఉన్న మనిషి. ఇప్పుడు భార్యాభర్తలిద్దరినీ ఇరవై రోజుల్లో బయల్దేరమన్నారు. పోయి రావడానికి నలభై మూడు రోజులు. అదీ నడి ఎండాకాలంలో.

"నలభై మూడు రోజులంటే నాలుగు వంతుల నీళ్ళు," అన్నాడు.

రొట్టెల పొయ్యి దగ్గర నుంచి సనోబర్ తల తిప్పకుండానే, "ముందు అల్‌హమ్‌దులిల్లా అనండి. వంతులు పారిపోవులే," అంది.

అన్నాడు. అని, మళ్ళీ వేళ్ళు మడిచాడు.

మా ఎగువ కాలువకు ముప్పై ఒక్క ఏళ్ళు నీరటిగా చేసినవాడు ఖోల్‌నజర్. ఇస్ఫరా పట్నం పక్కన గులకరాళ్ళ నేలలో ఆ మాటకున్న బరువు ఇంకెక్కడా ఉండదు. చుట్టుపక్కల ఊళ్ళలో ఏటా నీళ్ళ దగ్గర ఒక తలైనా పగిలేది. ఆయన హయాంలో మా ఊళ్ళో ఒక్క తల పగల్లేదు. వరదకు కాలువ మొగ కొట్టుకుపోతే మూడు రోజుల్లో రాళ్ళతో, విల్లో కొమ్మలతో మళ్ళీ కట్టించాడు. నాలుగో రోజు నక్షాలు పట్టుకుని ఇంజనీరు వచ్చి, చూసి, నక్షాలు చుట్టేసి, పులావు తిని వెళ్ళిపోయాడు. చెప్పుకోకపోతే పాపం, అందుకే చెబుతున్నాను. అరికాలు నీళ్ళలో పెట్టి ఎగువన ఎవడు మడవ తిప్పాడో చెప్పగలిగేవాడు. నీళ్ళ దొంగల్ని మూడువందల పన్నెండుసార్లు పట్టుకున్నానని ఆయనే అనేవాడు. ఆ అంకె తప్పనే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు.

ఇప్పుడు ఆ గొప్పే గుదిబండ అయింది. అందరినీ ఒక్కసారైనా పట్టుకున్నవాడు ఎవరిని నమ్మాలి?

నమ్మకపోతే తోట పోతుంది. ముసలి ఖుబానీ చెట్లు కాపుడిగిపోతే నరికించి, వాటి చోట అరవై అంటు మొక్కలు నాటాడు. వాటికి రెండో ఏడు. పది రోజులకోసారి వచ్చే వంతు వరసగా రెండుసార్లు తప్పితే ఆ నేలలో అంటు మొక్క పుల్లైపోతుంది. ముసలితనంలో మొగుడూ పెళ్ళాలకు రొట్టె పెట్టాల్సినవి ఆ అరవయ్యే.

మిగతా ఏర్పాట్లన్నీ తన పద్ధతిలోనే కానిచ్చాడు. ఆవును కూతురింటికి తోలాడు. కరెంటు డబ్బు రెండు నెలలకు ముందే కట్టి, రసీదు రెండుసార్లు చదివించుకున్నాడు. దారిలో ఏమైనా అయితే పనికొస్తుందని కొన్ని సోమోనీల డబ్బు బావమరిదికి ఇచ్చి, ఇచ్చేటప్పుడు ఇద్దరు సాక్షుల్ని కూర్చోబెట్టాడు. ఎండు ఖుబానీ బస్తాల మూతులు తనకొక్కడికే తెలిసిన ముడితో కుట్టాడు. పిండి పెట్టె లోపల పిండి ఎంతదాకా ఉందో బొగ్గుతో గీత గీశాడు.

"మీరు మక్కాకు పోతున్నారా, జైలుకు పోతున్నారా?" అంది సనోబర్. "ఆ గీత చూసి ఎలకలు సిగ్గుపడతాయి."

"నవ్వు, నవ్వు. వచ్చాక చూద్దాం."

తోటకు మనిషి మాత్రం దొరకలేదు. మేనల్లుడు ఇల్హోమ్ పార పట్టుకునే నిద్రపోతాడు. ఇప్పటి నీరటి మష్రబ్ సెల్‌ఫోను చూస్తూ మడవ తిప్పుతాడు. పక్క తోటవాడి గోడ కింద కన్నం ఉంది. ఆ కన్నం పిల్లి కోసమని అంటాడు కానీ, పిల్లి ఎప్పుడూ గోడ ఎక్కే వస్తుంది.

ఈలోగా ఆనవాయితీ ప్రకారం ఇల్లిల్లూ తిరిగి, "తెలిసీ తెలియక నొప్పించి ఉంటే మన్నించి రాజీ అనండి," అని అడగడం మొదలెట్టాడు. అందరూ రాజీ అన్నారు. కొందరు మరీ త్వరగా అన్నారు. వాళ్ళ మీద అనుమానం ఇంకాస్త పెరిగింది.

చివరికి యోద్గోర్ ఇల్లొక్కటి మిగిలింది.

పదకొండేళ్ళ కిందట, కాలువ సగానికి ఎండిన ఏడు, మిట్టమధ్యాహ్నం యోద్గోర్ బోదెలో నీళ్ళు పారుతూ దొరికాయి. వంతు అతనిది కాదు. ఖోల్‌నజర్ ఊరందరి ముందు అతని పార లాక్కుని, కామను మోకాలికేసి విరిచి, ఆ కారంతా వంతు ఆపేశాడు. యోద్గోర్ చెట్లు పద్నాలుగు ఎండిపోయాయి. అప్పటినుంచి ఇద్దరి మధ్యా సలాముల వరకే.

యోద్గోర్ లేచి నిలబడ్డాడు, దిండు వేశాడు, రొట్టె విరిచి పెట్టాడు. టీ మాత్రం గిన్నె అంచుదాకా పోశాడు. మా దగ్గర అతిథికి గుక్కెడే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోయడానికి. నిండా పోస్తే తాగి వెళ్ళమని.

"రాజీ అనమని వచ్చాను, తమ్ముడూ."

"ఎందుకనాలి, అకా?" అన్నాడు యోద్గోర్, అన్నను పిలిచే పిలుపుతోనే. "నేను దొంగనైతే మన్నించాల్సింది మీరు. కాకపోతే మీరెందుకు వచ్చారో చెప్పండి."

ఖోల్‌నజర్ టీ తాగాడు. నాలిక కాలింది.

"సరే, అంటాను," అన్నాడు యోద్గోర్. "ఒకటి ఇవ్వండి. మీరు వచ్చేదాకా మీ వంతు నా చేతికి అప్పగించండి. మీ మొక్కలకు నేను నీళ్ళు పెడతాను."

నడిచి వస్తుంటే దారంతా ఒకటే ఆలోచన. వీడి పద్నాలుగు చెట్లకు నా అరవై మొక్కలు. పదకొండేళ్ళు ఆగి మరీ ఎండగడతాడు. పైగా నేను కాబా చుట్టూ తిరుగుతుంటే! ముల్లాగారిని అడిగాడు, ఒక్కడు రాజీ అనకపోతే కొంప మునుగుతుందా అని.

"దేవుడి బాకీ దేవుడు వదిలేస్తాడు," అన్నాడు ముల్లా. "మనిషి బాకీ ఆ మనిషే వదలాలి. నన్నడిగితే ఏం లాభం?"

ప్రయాణానికి మూడు రోజుల ముందు ఆయన వంతు వచ్చింది. తెల్లారగానే మడవ దగ్గర తన పార యోద్గోర్ చేతిలో పెట్టాడు. "టీకా వేయించుకోవడానికి పట్నం పోతున్నా. ఈ వంతు చూడు. తర్వాతి మాట తర్వాత," అన్నాడు. అని, పట్నం వైపు నాలుగడుగులు వేసి, గుట్ట చుట్టి వచ్చి, దాని మీది పాత గొర్రెల దొడ్డి గోడ వెనక చతికిలబడ్డాడు.

యోద్గోర్ వరస వరసకీ మడవ కట్టాడు. మొక్క మొదట్లో నీళ్ళు నిలవనిచ్చి, ఇంకాక ముందుకు వదిలాడు. వంక పెట్టడానికి ఏమీ లేదు. ఖోల్‌నజర్‌కు అదే ఎక్కువ గుబులు పుట్టించింది. ఇంత ఒద్దికగా చేసేవాడి మనసులో ఏదో ఉండే ఉంటుంది.

ఎండ ఎక్కాక యోద్గోర్ పార భుజాన వేసుకుని తన పొలం వైపు నడిచాడు. కాసేపటికి అతని బోదెలో నీళ్ళు తళుక్కుమన్నాయి.

ఖోల్‌నజర్ మోకాలి నొప్పి మరిచిపోయాడు. గుట్ట దిగుతూనే, "దొరికావు! మూడువందల పదమూడు!" అని కేకేశాడు.

యోద్గోర్ గట్టు మీద కాళ్ళు చాపుకు కూర్చున్నాడు. పార పొడిగా ఉంది. "టీకా నొప్పిగా ఉందా, అకా?"

"నోర్ముయ్. ఎక్కడ తెగ్గొట్టావు?"

"వెతకండి. ముప్పై ఒక్క ఏళ్ళ నీరటి మీరు."

కాలువ గట్టు పొడుగునా వెతికాడు, రెండుసార్లు. గండి లేదు, మడవ తిప్పిన గుర్తు లేదు. నీళ్ళు మాత్రం బోదెలో పారుతున్నాయి. అప్పుడు యోద్గోర్ వచ్చి విల్లో చెట్టు కింద గడ్డి దుబ్బు పక్కకు నెట్టాడు. చెయ్యి పట్టేంత బొరియ.

"ఏ ఎలుకో తవ్వింది. గట్టు అడుగు నుంచి నా బోదెలోకి తేలుతుంది. ఆ ఏడు మీరు చూసిన నీళ్ళూ ఇవే. ఏటా మట్టి కూరి మూస్తున్నాను. ఇందాక తీశాను, మీరు చూడాలని."

"నేను చూస్తానని నీకెలా తెలుసు?"

"నాకు వంతు అప్పగించి మీరు పట్నం పోవడమా? పోరని ఎవరితోనైనా పందెం కాసేవాణ్ణి."

ఖోల్‌నజర్ బొరియలోకి వంగి చూశాడు. "నువ్వే తవ్వి ఉండొచ్చుగా?"

"ఈ మాట అంటారనే ఇన్నేళ్ళూ చెప్పలేదు. చెయ్యి పెట్టి చూడండి."

గట్టు మీద బోర్లా పడుకుని భుజందాకా చెయ్యి దూర్చాడు. చల్లటి నీళ్ళు వేళ్ళను లాగాయి. లోపల బొరియకు అడ్డంగా విల్లో వేళ్ళు పెనవేసుకుని ఉన్నాయి, బొటనవేలంత లావు. ఒక్క ఏడాదిలో పెరిగేవి కావవి, పార తగిలి ఉంటే తెగేవి. ఒకదాన్ని లాగి చూశాడు, అతికించిందేమోనని. కాదు. గట్ల మంచిచెడులు చూడాల్సింది నీరటే. ఆ నీరటి తానే.

లేచి గడ్డం మీద మట్టి తుడుచుకున్నాడు. తన పార తీసుకుని ఇంటికి వెళ్ళాడు.

బయల్దేరే పొద్దున వంతెన దగ్గర బస్సు ఆగింది. ఊరంతా చేరింది. ఖోల్‌నజర్ మెట్టెక్కి గొంతు సవరించుకున్నాడు. "ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను. కాలువ మొగ కట్టాను. ఒక్క తల పగలనివ్వలేదు. మూడువందల పన్నెండుసార్లు పట్టుకున్నాను. అందులో మూడువందల పదకొండు నిజం." గుంపులో యోద్గోర్ కోసం చూశాడు. "ఒకటి అబద్ధం. యోద్గోర్ నీళ్ళు తియ్యలేదు. నా గట్టు కారింది. పార విరిచింది మీ అందరి ముందు కాబట్టి మీ అందరి ముందే చెబుతున్నాను."

దిగి, పార అతనికిచ్చాడు. "నాలుగు వంతులు. మొక్కలు అరవై. లెక్కపెట్టే పోతున్నాను."

"రాజీ, అకా," అన్నాడు యోద్గోర్. "పోయి రండి."

"ఎందుకంత త్వరగా అన్నాడు?" అని బస్సు కదిలాక భార్య చెవిలో అడిగాడు. సనోబర్ కళ్ళు మూసుకుని జపమాల తిప్పుకుంది.

నలభై మూడు రోజుల తర్వాత, దుమ్ము కూడా కడుక్కోకుండా తోటకు పోయాడు. మొక్కలు మోకాలు దాటి తొడదాకా వచ్చాయి. యోద్గోర్ వెనకే నడుస్తుంటే వరస వరసా వేలుపెట్టి లెక్కపెట్టాడు.

"యాభై తొమ్మిది," అన్నాడు. "ఇంకొకటేది?"

"ఎండింది."

"ఎందుకెండింది?"

"అన్నీ బతికితే మీరు నమ్మరుగా, అకా."

ఖోల్‌నజర్ ఆ ఎండిన మొక్క దగ్గర కూలబడి వేళ్ళతో మొదలు తవ్వాడు. వేరు నిండా పురుగు. పురుగును అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చూసి, "ఇంటికి రా. మక్కా నుంచి జమ్‌జమ్ నీళ్ళు తెచ్చాను," అన్నాడు.

ఆ పూట ఖోల్‌నజర్ తనే యోద్గోర్ గిన్నెలో గుక్కెడు గుక్కెడుగా ఏడుసార్లు టీ పోశాడు.