అరుగు మీది మెంబరు

మా అన్నయ్య వరదానం పంచాయతీ బోర్డు మెంబరండి. నవ్వకండి, నిజంగానే మెంబరు. ముప్పై నాలుగులోనో, అయిదులోనో ఏలూరు నుంచి కాగితం వచ్చింది. బోర్డులో మా పేట తరఫున ఒక మనిషి ఉండాలని గవర్నమెంటు రూలు. మిషన్ బడిలో నాలుగక్షరాలు నేర్చినవాడు, ఎవరికీ ఎదురు చెప్పనివాడు అని ప్రెసిడెంటు పట్టాభిరామయ్యగారే అన్నయ్య పేరు రాసి పంపారు.

మాది భీమడోలుకు దిగువన, కొల్లేటి వైపు ఊరు. మీటింగులు పట్టాభిరామయ్యగారి సావిట్లో జరిగేవి. మిగతా మెంబర్లంతా లోపల కుర్చీల్లో, మా అన్నయ్య వీధరుగు మీద. లోపల వాళ్ళేదో మాట్లాడుకునేవారు. గుమాస్తా పుస్తకం పట్టుకొచ్చి అరుగు మీద పెడితే అన్నయ్య సంతకం పెట్టేవాడు. ఈ మాత్రం దానికి గంజి పెట్టిన చొక్కా ఒకటి. ఉతకలేక నా చేతులు పడిపోయేవి. ఏం తీర్మానం చేశారన్నయ్యా అంటే, మంచిదేనమ్మా అనేవాడు. ఒళ్ళు మండిపోయేది నాకు.

అన్నయ్య మనసులో మాత్రం ఒకటే ఉండేది. పేటకో బావి. వేసవిలో కాలవలు కట్టేస్తే మాకు నీళ్ళుండవండి. ఊరి మంచినీళ్ళ చెరువులో మేం కడవ ముంచకూడదు. గట్టు కింద నిలబడి, నీళ్ళకొచ్చిన రైతుల ఆడవాళ్ళని అమ్మా, తల్లీ, రెండు చెంబులు పొయ్యండని బతిమాలుకోవాలి. పోస్తే పోశారు, లేకపోతే కొల్లేటి బురదనీళ్ళే. మా వదిన సత్యవతి నిండుచూలాలై ఉండి కూడా ఆ ఎండలో నిలబడింది. అది చూసినప్పటినుంచీ అన్నయ్య బావి మాట వదల్లేదు.

ఖద్దరు కట్టే ఈశ్వరప్రసాద్‌గారని ఒక మెంబరు ఉండేవారు. అన్నయ్య ఆయన చుట్టూ తిరగ్గా తిరగ్గా, మొత్తానికి ఆయన బావి సంగతి మీటింగులో పెట్టారు. చేతులెత్తమన్నారు. లోపల అటూ ఇటూ సమానంగా వచ్చాయి. అరుగు మీద అన్నయ్య చెయ్యెత్తాడు. పట్టాభిరామయ్యగారు చాలా మెత్తగా అన్నారట.

"గదిలో ఉన్న చేతులే లెక్కకొస్తాయి వరదానం. రూలు అలా ఉంది మరి."

రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. వీడు గడప దాటడులే అని ఆయన ధైర్యం. దాటాడండి. కాళ్ళు తుడుచుకుని మరీ లోపలికెళ్ళి, గోడవార నిలబడి చెయ్యెత్తాడు. బావి నెగ్గింది. ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞత ప్రార్థన పెట్టాం. నేనైతే ఏడ్చేశాను, పిచ్చిదాన్ని.

నాట్లు మొదలయ్యాయి. పేటలో ఒక్క ఇంటికీ కూలికి పిలుపు రాలేదు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. గణపవరం వైపునుంచి మనుషుల్ని దింపుకున్నారు, అంతే. ఈశ్వరప్రసాద్‌గారి చేలోనూ వాళ్ళే. అన్నయ్య వెళ్ళి అడిగితే, ఊరందరితోపాటే కదయ్యా నేనూ అన్నారట ఆ మహానుభావుడు. మా పొయ్యిల్లో పిల్లి లేవడం మానేసింది. చివరికి సంఘపెద్ద యోబు తాత నలుగురినీ వెంటేసుకుని మా గుమ్మంలోకొచ్చాడు.

"నీళ్ళు అడుక్కుని తాగుతాంరా వరదానం. గంజి ఎవర్నడుక్కుని తాగమంటావు?"

నేనే మీదపడ్డాను. చర్చిలో చప్పట్లు కొట్టి పాడింది మీరు కాదా, సిగ్గు లేదా అని కడిగేశాను. తాత తలెత్తలేదు. ఆయన మనవలు కూడా పస్తే మరి, నాకు తెలీదా.

తరవాతి మీటింగుకి నేనూ వెంట వెళ్ళి, వీధికి అవతల నిలబడ్డాను. అన్నయ్య అరుగెక్కి, పేటకి బావి అక్కర్లేదండి, రద్దు చేసెయ్యండి బాబూ అన్నాడు. వాళ్ళకే అక్కర్లేకపోతే మనమేం చేస్తామని ఈశ్వరప్రసాద్‌గారు పెదవి విరిచారు. రద్దుకి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. అన్నయ్య అరుగు మీదనుంచే ఎత్తాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదండి. పట్టాభిరామయ్యగారు వీధరుగు మీదికి వేలు చూపించి, ఆ చెయ్యే మొదట లెక్కపెట్టారు.

మర్నాడే నాట్లకు పిలిచారు. వరదానం లాంటి బుద్ధిమంతుడు ఏ బోర్డులోనూ ఉండడని ఏలూరికి రాసి, గడువు తీరగానే ప్రెసిడెంటుగారు మళ్ళీ అన్నయ్యనే మెంబర్ని చేయించారు.