గడిలో కొట్టిన ‘నిల్’

ఎదురింటి గేటుకు ఎర్ర ప్రైమరు పూస్తున్నారు. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నాకు మునిరత్నం సారే గుర్తొస్తారు. ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది. ఎనభైల్లో రేణిగుంట దగ్గర ఒక వాల్వుల కార్ఖానాలో నేను టైపిస్టును. అక్కడ వాల్వులన్నిటికీ ఈ ఎర్ర ప్రైమరే పూసేవాళ్ళు. ఐరాల నుంచి వచ్చిన ఆయన అక్కడ తనిఖీ ఇంజనీరు. ఆయన సంతకం లేనిదే ఏ వాల్వూ కార్ఖానా గేటు దాటేది కాదు.

మావి రక్షణ వాల్వులు. ట్యాంకులో ఒత్తిడి హద్దు మీరితే వాటంతటవే తెరుచుకుని, ఎక్కువైన గ్యాసును దూరంగా ఉన్న మంటగొట్టానికి పంపిస్తాయి. అది అక్కడ కాలిపోతుంది. ఒకసారి ఒక రసాయనాల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆర్డరు కాగితంలో ‘ఎదురొత్తిడి’ అనే గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి కనబడితే ‘నిల్’ అని కొట్టడం మా ఆఫీసు ఆచారం. నేనూ కొట్టేశాను. పెట్టెలు లారీ ఎక్కే రోజు సార్ ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

“ఎవురమ్మా ఈడ నిల్ కొట్టింది?”

“నేనే సార్. ఖాళీగా ఉండాదని...”

“తెలీదంటే లేదనా? ఆడ పది వాల్వులు ఒకే గొట్టంలోకి వదల్తాయి. ఆ గొట్టం ముందే నిండుంటే మన వాల్వును అవతలినుంచి నూకతా ఉంటాది. తలుపుకు అవతల నలుగురు నిలబడి నూకతా ఉంటే నువ్వు తియ్యగలవా? అంతలో ట్యాంకు పగిలితే ఆడ పనిజేసే వాళ్ళ గతేంది?”

ఇంతలో మేనేజరు వచ్చి, “వాళ్ళే ఇడిసిపెట్టినారు గదప్పా, నీకేల?” అన్నాడు. సార్ వెళ్ళి లారీలోని పెట్టె మీద కూర్చున్నారు. “ఆ గడిలో నిజం పడిందాకా ఇది కదల్దు సార్” అన్నారు. లారీ ఆగిపోయింది. ఆ గడి సంగతి అడుగుతూ ఫ్యాక్టరీకి ఉత్తరం వెళ్ళింది.

వారం తర్వాత ఫ్యాక్టరీ నుంచి జవాబు వచ్చింది. ఎదురొత్తిడి చాలా ఉందట. ఆ వాల్వులు పనికిరావు, వేరే రకం కావాలన్నారు. మేనేజరు సిగ్గు లేకుండా ‘మా సంస్థ జాగ్రత్త వల్లే ఇది బయటపడింది’ అంటూ వాళ్ళకు ఉత్తరం రాయించాడు. ఆ మధ్యాహ్నమే ఇంకో కాగితం కొట్టమన్నాడు: సరుకు ఆలస్యం చేసినందుకు మునిరత్నం స్టోర్సుకు బదిలీ. అందులో ‘ఉద్యోగి సంజాయిషీ’ అనే గడి ఖాళీగా ఉంది.

“నిల్ కొట్టమ్మా” అన్నాడు.

ఆయన్ను ఎవరూ ఏమీ అడగలేదని నాకు తెలుసు. ఉద్యోగం పోతుందని భయపడి కొట్టాను. సార్ ఆ కాగితం చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు. “నన్ను ఎవురన్నా అడిగినారామ్మా?” అన్నారు, అంతే. రిటైరయ్యేదాకా ఆ మనిషి చేత బోల్టులు లెక్కబెట్టించారు. తలుచుకుంటే మేనేజరు మీద ఎంత కోపమో, నా మీదా అంతే.

ఇప్పటికీ ఏ కాగితంలో ఖాళీ గడి కనబడినా నా చెయ్యి ఆగిపోతుంది. సంబంధించిన మనిషిని వెతుక్కుంటూ పోయి అడుగుతాను. చాదస్తం అని నవ్వేవాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. సంజాయిషీ గడిలో నిల్ కొట్టిన రోజు సార్ బల్ల నా టైపు మిషనుకు పది అడుగుల దూరంలోనే ఉండింది.