నా వాక్యంలో సారు పెట్టిన లింకు

మా సారు పోయారు. ద్వారకా నగర్‌లో, బస్ కాంప్లెక్స్ దగ్గరి సందులో, వెబ్‌సైట్ల పని నేర్పే సెంటరు నడిపిన మా సారు. పొద్దున్నే మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో కబురు చూశాను. ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఇంట్లో అందరూ దాన్ని దుఃఖమనుకున్నారు.

"కన్నకూతుర్లా సూసుకున్నాడు మరి, దిగులుండదేటి?" అని అమ్మ మా పిన్నికి ఫోనులో చెబుతోంది. స్టీలు ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చిన నాన్న, ఎన్నడూ లేనిది, నాకోసం జ్యూసు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నాది దిగులు కాదు, కోపం. అమ్మతో ఆ మాట అన్నాను కూడా. "పోయినోల మీద కోపమేటే, తప్పు కాదా?" అంటూ నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసింది.

అందుకని మీకు చెబుతున్నాను. ఉద్యోగానికి విశాఖ వచ్చి, లేడీస్ హాస్టల్ వెతుక్కుంటూ ఈ సైటుకు వచ్చే అమ్మాయిలకు. వెతికితే ఈ సైటు ముందు వరసలో కనబడుతోందంటే అది ఆయన నేర్పిన విద్యే. మీలో ఒకమ్మాయి మోసపోయిందంటే అది కూడా ఆయన చేతి పనే. ఇప్పుడు సారు భార్య, మా మేడమ్, ఆయన గురించి ఇక్కడ రాసి, ఆ సెంటరుకు లింకు ఇమ్మని అడుగుతున్నారు.

చేరిన కొత్తలో ఆయన మమ్మల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టలేదు. గాజువాక ఆటోనగర్‌లో ఒక రిపేరు షెడ్డుకు తీసుకెళ్ళారు. దాని యజమాని తన సైటుకు 'సమగ్ర హైడ్రాలిక్ సేవలు' అని పేరు పెట్టుకుని, ఎవరూ చూడటం లేదని మొత్తుకుంటున్నాడు. సారు మమ్మల్ని కౌంటరు పక్కన నిలబెట్టి, వచ్చేవాళ్ళు ఏమంటారో వినమన్నారు.

"బావా, జాకీ ఆయిలు కారిపోతంది, ఓపాలి సూడు" అంటూ ఒక లారీ డ్రైవరు దిగాడు.

"అదిగో టైటిలు!" అన్నారు సారు. "కస్టమరు నోట్లో మాటే పేజీ నెత్తి మీదుండాల."

పేజీ పేరు 'గాజువాకలో లారీ జాకీ రిపేరు' అయింది. ఆయిలు ఎందుకు కారుతుంది, బాగు చెయ్యడానికి ఎంతసేపు పడుతుంది, బండి అక్కడే వదిలెయ్యాలా, ఇలా జనం అడిగేవాటికి జవాబులు దాని కింద రాశాం. కొన్నాళ్ళకు ఆ యజమాని ఫోను ఎత్తలేక తమ్ముణ్ణి కూర్చోబెట్టుకున్నాడు.

సారు దగ్గర అద్దం పగిలిన పాత ఫోను ఒకటి ఉండేది. ఎవరు సైటు చేసినా ముందు అందులో తెరిచి చూడాల్సిందే. నాది తెరుచుకునేలోపు ఆయన టీ తాగి గ్లాసు కూడా కడిగేశారు. "ఏటమ్మా, ఫొటోలెట్టినావా, ఫ్లెక్సీలెట్టినావా?" అన్నారు. బొమ్మల సైజు తగ్గించడం ఆ పూటే నేర్చుకున్నాను.

వేరే సైట్లు మనకు లింకు ఇస్తే, వెతికేవాళ్ళకు మన సైటు ముందు వరసలో కనబడుతుంది. ఆ లింకుల పాఠం రోజు సారు చాక్‌పీసు ముట్టలేదు. "లింకంటే పెళ్ళి ఎంక్వైరీ తల్లీ. మనోడు మంచోడని మనం సెప్పుకుంటే ఎవుడు నమ్ముతాడు? ఈది సివర కిరాణా కొట్టోడు సెప్పాల" అన్నారు. లింకులు అమ్మేవాళ్ళ గుమ్మం తొక్కొద్దన్నారు. నిజంగా మన పని ఎరిగినవాళ్ళనే అడగమన్నారు. జాకీలో ఆయిలు కారకుండా వేసే సీళ్ళను ఆ షెడ్డుకు సరఫరా చేసే కంపెనీ, తన పిల్లలకు పని చూపించడానికి అక్కడికి తీసుకొచ్చే పాలిటెక్నిక్, అలాంటివాళ్ళను. ఆ రెండు చోట్లవాళ్ళూ అడగ్గానే లింకు ఇచ్చారు.

నేను ఆ మాటను నమ్మాను. హాస్టళ్ళకు స్వయంగా వెళ్ళి, నీళ్ళు, గేటు, తలుపుల గడియలు చూసి రాసిందే ఈ సైటు. మధురవాడ హాస్టళ్ళ గురించి రాసినప్పుడు ఒక వాక్యం ఇలా పెట్టాను: 'భద్రమైన లేడీస్ హాస్టల్ అని బోర్డున్నంత మాత్రాన నమ్మకండి.'

పోయిన వానాకాలంలో పలాస వైపు అమ్మాయి ఫోను చేసింది. "అక్కా, నీ లింకు నొక్కే సేరినాను. బాత్రూము తలుపుకి గడియ లేదు. అడిగితే, లోపలున్నప్పుడు పాట పాడుకో అంటన్నారు."

నేను ఏ లింకూ పెట్టలేదు. పేజీ తెరిచాను. నా వాక్యంలో 'భద్రమైన లేడీస్ హాస్టల్' అన్న మూడు మాటలు నీలంగా మారి ఉన్నాయి. నొక్కితే, నేను వద్దనుకుని వదిలేసిన హాస్టల్ తెరుచుకుంది. వాళ్ళ సైటు చూసేది సారే. సైటు పెట్టించింది ఆయనే కాబట్టి నా పాస్‌వర్డు తెలిసిందీ ఆయనకొక్కరికే.

ముందు ఆ అమ్మాయి పెట్టె ఆటోలో వేయించి వేరే హాస్టల్లో దింపాను. తర్వాత సెంటరుకు వెళ్ళాను. సారు జేబురుమాలుతో బోర్డు తుడుస్తున్నారు.

"ఒక్క అచ్చరం మార్సినానేటమ్మా? నీ వాక్యం నీకే ఉంది గదా."

"నమ్మొద్దన్న మాట మీదే లింకు పెట్టారు సార్."

"సెర్చింజను అంత లోతుగా సదవదులే."

"అమ్మాయిలు చదువుతారు సార్."

"సదివితే నొక్కకూడదు గదా మరి!" అని నవ్వారు. "కూసో, టీ తాగెళ్ళు."

కూర్చోలేదు. ఆయన్ను చూడటం అదే ఆఖరు.

పెద్దకార్యం అయ్యాక మేడమ్ ఫోను చేశారు. "నీ సైటుకి మంచి విలువుందంట గదమ్మా. సారు గురించి నాలుగు ముక్కలు రాసి మన సెంటరు లింకెట్టు. కొత్త బ్యాచికి ఒక్కరూ రాట్లేదు." ఏ మాటల మీద పెట్టాలో గ్రూపులో పంపారు: 'వైజాగ్‌లో నంబర్ వన్ డిజిటల్ కోచింగ్.' మా బ్యాచ్ వాళ్ళందరూ పెట్టేశారు. ప్రతి సైటులోనూ 'ఆయన లేని లోటు తీరనిది', ఆ పక్కనే నీలంగా నంబర్ వన్ కోచింగ్. "అందరూ ఒకే మాట సెబితే అది మెచ్చుకోలు కాదు, రిహార్సలు" అనేవారు సారు. అవన్నీ చూస్తుంటే నవ్వొచ్చింది. ఆ నవ్వు పంచుకోవాలనిపించింది ఆయనతోనే. ఆ ఒక్క క్షణం మా అమ్మ అనుకున్నదే నిజం.

మేడమ్‌కు హాస్టల్ సంగతి చెప్పాను. "ఆళ్ళ సైటు పని ఇప్పుడు నాను సూత్తన్నానమ్మా. మానేత్తే ఇల్లెలా గడుత్తాది? నాకు పిల్లలున్నారు" అన్నారు. అందులో అబద్ధం లేదు. ఆవిడ అద్దె కట్టాలి, పిల్లల్ని చదివించాలి. రేపు ఇంకో అమ్మాయి నీలం మాటలు నొక్కి గడియ లేని ఆ బాత్రూములో స్నానానికి వెళ్ళాల్సి రావడం కూడా నిజమే.

నా వాక్యంలోని లింకు ఆ వానాకాలంలోనే తీసేశాను. పాస్‌వర్డు కూడా అప్పుడే మార్చాను. ఆ హాస్టల్ పేరూ, గడియ సంగతీ ఇవాళ ఆ మధురవాడ పేజీలోనే రాశాను. మేడమ్ అడిగిన లింకు ఇవ్వను.