కాదని రాసివ్వమన్న మనిషి

మా సీనియర్ గారు పోయారన్న సంగతి నాకు కోర్టు క్యాంటీన్‌లో తెలిసింది. అడ్వకేట్ల గ్రూపులో వరసగా దండం బొమ్మలు వస్తుంటే ఎవరికో అనుకుని పైకి జరిపాను. ఆయన ఫొటో. ఉదయం నమాజుకని కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుంటూ కూలబడిపోయారట. ముందురోజు సాయంత్రమే అఫిడవిట్‌లో పేరా నంబర్లు తప్పు వేశానని నన్ను కేకలేశారు. నేను అలిగి, వెళ్లొస్తానని కూడా చెప్పకుండా వచ్చేశాను. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?

భవానీపురంలో వాళ్లింటి ముందుగదే మా ఆఫీసు. బెంజ్ సర్కిల్ దగ్గర పెడదాం సార్ అని నేను పోరితే, "మన క్లయింట్లు అక్కడికి రావాలంటే రెండు ఆటోలు మారాలమ్మా" అనేవారు. "సాయిబు గారి దగ్గర జూనియరా?" అని మా బంధువులు సాగదీసినప్పుడు, వ్యవసాయం తప్ప ఇంకోటి తెలియని మా నాన్న, "పని నేర్పేవాడు దొరకడమే గగనం, నోళ్లు మూసుకోండి" అన్నాడు.

ఆయన పని పద్ధతి ఒక్కటే. ఏ ఆఫీసు నుంచి ఎవరు ఉత్తచేతులతో తిరిగొచ్చినా, "కాదంటే కాదని రాసివ్వమనండి. కింద సంతకం పెట్టమనండి" అని మళ్లీ పంపేవారు. ఆ కాగితం ఉంటే దాని మీద కోర్టుకెక్కొచ్చు. సంతకం అనేసరికి గుమాస్తాలు జడిసి సగం పనులు అక్కడే చేసిపెట్టేవారు. ఆ తర్వాత వేలిముద్ర మిషన్లొచ్చాయి. మిషను కాదంటుంది గానీ సంతకం పెట్టదు కదా!

రొయ్యల షెడ్డులో ఏళ్ల తరబడి ఐసులో చేతులు నానబెట్టి తలలు వలిచిన మామ్మ ఒకావిడ మా దగ్గరికొచ్చింది. వేళ్ల మీద గీతలు లేవు. రేషన్ డిపోలో బియ్యం ఆగిపోయాయి. "వేలు పెడితే ఎర్రలైటు వస్తంది బాబూ. నేను నేను కాదంట" అంది. సార్ ఆ మాటనే రిట్ పిటిషన్‌లో మొదటి వాక్యంగా రాయించారు. డిపో డీలరుని అడిగితే, "నేనెప్పుడు కాదన్నాను సార్? మిషను తీసుకోట్లేదు" అన్నాడు. అతని మాటా అబద్ధం కాదు.

హైకోర్టులో జడ్జి గారు, "తిరస్కరించిన ఉత్తర్వు ఏదండీ?" అన్నారు. "ఉత్తర్వు లేదు మిలార్డ్, ఎర్రలైటు ఉంది" అన్నారు సార్. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

కేసు నడిచినన్నాళ్లూ మామ్మ తినాలిగా. వేలిముద్ర పడనివాళ్లకి ఫోన్‌కి వచ్చే ఓటీపీ చెప్తే బియ్యం ఇస్తామన్నారు. ఆవిడకి ఫోన్ ఏదీ? అప్పట్లో ఫారం నింపిస్తే చాలు కాబట్టి, సార్ తన నంబరే ఆవిడ కార్డుకి ఎక్కించారు. అది తెలిసి సున్నం పనివాళ్లొచ్చారు, అంట్లు తోమీ తోమీ గీతలు అరిగిపోయిన ఆడవాళ్లొచ్చారు. అందరికీ ఆయన నంబరే. నెల మొదట్లో ఆ ఫోన్ ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. కోర్టు వరండాలో నిలబడి, డిపోలో ఉన్నవాళ్లకి ఒక్కో అంకె చదివి, "తొందరేం లేదమ్మా, మెల్లిగా చెప్పు" అనేవారు.

చివరి వాయిదాకి గవర్నమెంట్ ప్లీడరు లేచి, "పిటిషనరుకి ఓటీపీ మీద బియ్యం అందుతున్నాయి మిలార్డ్, ఇంకా ఫిర్యాదేముంది?" అన్నాడు. కేసు మూసేశారు. మెట్లు దిగుతుంటే నేను ఆగలేకపోయాను. "మీ ఫోనే మన కేసుని చంపింది సార్!"

"తెలుసమ్మా. ఆవిడ పస్తుంటే కేసు బతికేది. ఏం చెయ్యమంటావు?"

కేసు కట్ట సంచిలో పెట్టుకుని ఆయన వెనకే నడిచాను.

ఖననం అయిన నాలుగో రోజున వాళ్లబ్బాయి వెళ్లి సార్ సిమ్‌ని కంపెనీకి అప్పగించేశాడు. బ్యాంకు ఉద్యోగి, పద్ధతైన మనిషి. "పోయినవాళ్ల పేరున సిమ్ వాడకూడదు కదక్కా. నాన్న ఉంటే అదే చెప్పేవారు" అన్నాడు. నిజమే, అదే చెప్పేవారు. ఆ నంబరు మీద ఎంతమంది అన్నం ఆధారపడి ఉందో అతనికి తెలియదు. తెలిసినదాన్ని నేను. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఫోన్ సంగతి ఎత్తడం ఏం బాగుంటుందని ఊరుకున్నాను. నా అంత తెలివితక్కువది ఉండదు. ఆ నంబరు మళ్లీ ఇప్పించమని కంపెనీ చుట్టూ తిరిగాం, కుదరదన్నారు.

మామ్మని వెంటబెట్టుకుని నంబరు మార్పించడానికి ఆ కార్డుల ఆఫీసుకి వెళ్లాను. ఇప్పుడు మార్చాలంటే వేలిముద్ర కావాలట. వేలు పడలేదు. కంటిపాప చూపిద్దామంటే రెండు కళ్లకీ శుక్లాలు. "సిస్టమ్ ఒప్పుకోవట్లేదండీ, నన్నేం చెయ్యమంటారు?" అంది కంప్యూటర్ ముందున్న అమ్మాయి. అరిచాను. అరిస్తే ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది గానీ పని కాలేదు. మళ్లీ రిట్ వేశాను. వాయిదా పడింది.

ఈ నెల మామ్మతో డిపోకి వెళ్లాను. డీలరు మీట నొక్కాడు. ఓటీపీ పంపామని మిషను చెప్పింది.

"రాదు మామ్మా, వెళ్దాం పదండి. సార్ లేరుగా" అన్నాను. సార్‌ని జనాజా మీద మోసుకెళ్లేటప్పుడు గేటు పట్టుకుని ఏడ్చిన మనిషే, తెలియక కాదు.

"పంపానంటంది గదమ్మా. ఆయనకి అందిందంటే ఊరుకోడు" అని ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. వెనకున్న సున్నం పనాయన వేలు చొక్కాకి గట్టిగా తుడుచుకుని, మిషను ముందుకి జరిగాడు.