పుట్టింటివాళ్ళు రాలేదన్నాం

మా అమ్మ చూసి వద్దన్న ఆడపిల్లలు ఇవాళ మనవల్ని చంకనేసుకుని తిరుగుతున్నారు. నందిగామ చుట్టుపక్కల ఏ పెళ్ళికి వెళ్ళినా వాళ్ళలో ఒకరో ఇద్దరో తగులుతారు. అమ్మను చూడగానే మొహం తిప్పుకుంటారు. మా మేనమామలకు సంబంధాలు వెతికే రోజుల్లో ఆవిడ మాటకు తిరుగులేదు. పిల్లను గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించేది. జడ విప్పి చూపించమనేది, సవరం పెట్టుకున్నదేమోనని. చెవిటికల్లులో ఒక పిల్ల నవ్వితే చిగుళ్ళు కనపడ్డాయట. వాళ్ళు పెట్టిన జంతికలన్నీ తినేసి, బస్సెక్కాక ఆ సంబంధం కాదంది. నేను ఆవిడ ఒళ్ళో కూర్చుని ఉన్నాను. ఇంటికొచ్చేదాకా ఆ చిగుళ్ళ గురించి చెప్పుకుని నవ్వుతూనే ఉన్నారు.

మాది జగ్గయ్యపేట నుంచి వత్సవాయి వెళ్ళే దారిలో ఒక ఊరు. పత్తి, మిరప వేస్తాం. నా పెళ్ళి మాట వచ్చినప్పుడు, ఊళ్ళోనే పొలం ఉన్న మంచి సంబంధం ఒకటి వస్తే అమ్మ ఒంటికాలి మీద లేచింది. "మట్టి పిసుక్కునేవాడికి నా కూతుర్నిస్తానా? నేను పడ్డది చాలు" అంది. నన్ను నందిగామలో లెక్చరర్‌కిచ్చి చేసింది. ఆ రోజుల్లో మా వైపు తల్లులందరూ అదే పట్టు పట్టారు. ఆ తల్లులకే కొడుకులు కూడా ఉన్నారనీ, వాళ్ళలో కొందరు మట్టే పిసుకుతారనీ ఒక్కరికీ తట్టలేదు.

మా తమ్ముడు ఆ కొందరిలో ఒకడు. నాన్న పోయాక డిగ్రీ మధ్యలో వదిలేసి పొలంలోకి దిగాడు. తాగడు, పేకాడడు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు. ముప్పై దాటేసరికి నెత్తి మీద వెంట్రుకలు సెలవు తీసుకున్నాయి. వాడికి సంబంధాలు చూడటం మొదలుపెట్టాకగాని కాలం తిరగబడిందని అమ్మకు తెలిసిరాలేదు. ఇప్పుడు పెళ్ళిచూపులకు మేం వెళ్ళడం కాదు, పిల్లలే వచ్చి మమ్మల్ని చూసి పోతున్నారు. అది కూడా మధ్యవర్తి పది సార్లు బతిమాలితే.

పరిటాల నుంచి ఒక పిల్ల వచ్చింది, విజయవాడలో ఉద్యోగం. అమ్మ ఆ పిల్ల కోసం ముందు గదికి ఏసీ పెట్టించింది, వెనక కమోడ్ కట్టించింది. పిల్ల మర్యాదగానే ఇల్లంతా తిరిగింది, కుళాయి తిప్పి చూసింది, "ఎండాకాలం కూడా నీళ్ళొస్తాయాండీ?" అని అడిగింది. ఆ తర్వాత మా తమ్ముడి ఎదురుగా కూర్చుని, "ఏమండీ, ఆ క్యాప్ ఒక్కసారి తీస్తారా?" అంది. వాడు తీశాడు. పిల్ల వాళ్ళమ్మ వైపు చూసింది. పెట్టిన జంతికలు ముట్టుకోలేదు. కారు సందు మలుపు తిరగకముందే నవ్వులు వినపడ్డాయి. వంటింట్లో నాక్కూడా నవ్వాగలేదు, కొంగు నోట్లో కుక్కుకున్నాను. తమ్ముడి మీద జాలి తర్వాత వచ్చింది. ముందు మాత్రం అమ్మ మొహం చూసి నాకు కడుపునిండా సంతోషమేసింది.

అలా ఎందరో వచ్చి పోయారు. తమ్ముడు పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాడు. వెళ్తే, "ఏరా, ఇంకా కాలేదా?" అని అడగని మనిషి ఉండడు. అమ్మ నన్నూ వదల్లేదు. "మీ ఆయన కాలేజీలో అంతమంది పిల్లలున్నారుగా, ఒక్కదాన్ని చూపించలేవా?" అని పోరు పెట్టేది. చూపించడానికి నాకూ ఒక కూతురుంది. దాన్ని మాత్రం రైతుకిస్తానా నేను? ఇవ్వను. ఆ మాట అమ్మ దగ్గర అనలేక ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని.

చివరికి జగ్గయ్యపేట మధ్యవర్తి ఒకాయన సంగతి తేల్చేశాడు. "మనవాళ్ళలో ఇంక దొరకరండీ. వేరే చోటి పిల్లయితే ఉంది. పార్వతీపురం అవతల. కూలీనాలీ చేసుకునేవాళ్ళు. తండ్రి మంచాన పడ్డాడు, తల్లి రెక్కల కష్టం మీద సంసారం నడుస్తోంది. వాళ్ళేమీ అడగరు, మీరేమీ అడక్కండి." అమ్మ అడిగింది ఒకటే: "నోరు విప్పకపోతే మన పిల్లలాగే ఉంటుందా?"

వేదాద్రిలో, వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది మధ్య పెళ్ళి చేశారు. బంధువులకు మాత్రం వేరే కథ చెప్పారు. కర్ణాటకలో కాలవల కింద భూములు కొనుక్కుని మా వైపు నుంచి వెళ్ళినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళున్నాయి, క్యాంపులంటారు. పిల్లది సింధనూరు దగ్గర క్యాంపు అన్నారు. మనవాళ్ళే, ఎప్పుడో వెళ్ళి స్థిరపడ్డారు, అందుకే మాట కాస్త తేడాగా ఉంటుంది అన్నారు. అంత దూరం పోయి ఆరా తీసే ఓపిక ఇప్పుడెవరికుంది? మా వైపు కొత్తవాళ్ళను ముందు అడిగేది ఇంటిపేరే కాబట్టి, అమ్మ ఆ పిల్లకు ఒక ఇంటిపేరు కూడా ఇచ్చింది. పొద్దున్నే కాఫీ తాగుతూ పాఠం అప్పజెప్పించుకునేది. "మీదేవూరు?" "సింధనూరు క్యాంపండీ." "ఇంటిపేరు?" పిల్ల చెప్పేది. "మీ నాన్నేం చేస్తాడు?" "వరి వేస్తాడండీ." ఎక్కడైనా 'ఏటి' అని నోరు జారితే, "ఏటి కాదు, ఏంటి! ఏట్లో కలుపుతావే మా పరువు" అని తొడ మీద గిల్లేది. పిల్ల తల్లిని ఫోన్‌లోనే మాట్లాడమన్నారు, రావద్దన్నారు. ఆ తల్లి ఒప్పుకుంది. పిల్ల కడుపునిండా తింటోందన్న మాట చాలు ఆవిడకు.

తమ్ముడు మాత్రం మనిషయ్యాడు. సాయంత్రమయితే జగ్గయ్యపేట నుంచి మల్లెపూలు తెచ్చేవాడు. ఒకసారి నేను వెళ్ళేసరికి పెళ్ళాం పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ ఈల వేస్తున్నాడు. వాడికి ఈల వేయడం వచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ పిల్లది కూడా మెత్తని స్వభావం. నన్ను 'వదినగారూ' అంటూ వెనకాలే తిరిగేది. నాకు ఆ పిల్లంటే ప్రేమ పుట్టింది.

నెల తప్పింది. మా వైపు తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి. తీసుకెళ్ళే ముందు పుట్టింటివాళ్ళు చలిమిడి, గాజులు తెచ్చి, కడుపుతో ఉన్న కూతురి ఒళ్ళో పెడతారు. కడుపు చల్లగా ఉండాలని. మొదటి జత గాజులు కన్నతల్లే తొడగాలి. వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అమ్మను రమ్మంటారా అని మొగుణ్ణి అడిగింది. వాడికి మా అమ్మతో చెప్పే ధైర్యం లేదు. చెప్పకుండా అత్తగారికి ఫోన్ చేసి ఫలానా రోజని చెప్పేశాడు. వాడి జన్మకు అదే పెద్ద సాహసం.

ఆ రోజు ఇంటి ముందు షామియానా వేశారు. పెరట్లో పట్టాల మీద మిరపకాయలు పోసి, కూలి ఆడవాళ్ళు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. కోతలప్పుడు పని ఆపితే మళ్ళీ మనుషులు దొరకరు. మరదల్ని కుర్చీలో కూర్చోబెట్టి బుగ్గలకు పసుపు, గంధం రాశారు. పుట్టింటివాళ్ళేరి అని అడిగినవాళ్ళకల్లా అమ్మ చెబుతోంది. "వాళ్ళ నాన్నకి బాలేదమ్మా, అంత దూరం నుంచి ఏం వస్తారు? ఆడపడుచు ఉందిగా, అది తొడుగుతుంది." చలిమిడి నందిగామ స్వీటుషాపులో నాతోనే తెప్పించింది.

నేను గాజులు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు గేటు దగ్గర ఆటో ఆగింది. దిగినావిడ నల్లగా, బక్కగా ఉంది. కొత్త చీర మడతలు ఇంకా విడలేదు. ఒక చేతిలో గుడ్డ సంచి, ఇంకో చేతిలో మూతకు గుడ్డ కట్టిన స్టీలు డబ్బా. రెండు రైళ్ళు, ఒక బస్సు మారి వచ్చిందని తర్వాత తెలిసింది. షామియానా కింద ఆడవాళ్ళందరూ తలలు తిప్పారు. మరదలు కుర్చీలోంచి సగం లేచింది. మా మేనత్త, ఆవిడ కళ్ళు గద్ద కళ్ళు, "ఎవరే ఆవిడ?" అంది.

అమ్మ తడుముకోలేదు. "కాయల్లోకి పిలిపించా వదినా. రేపు రమ్మంటే ఇవాళే ఊడిపడింది" అని, ఆవిడకేసి తిరిగి, "ఇట్నుంచి కాదమ్మా, పెరట్లోకెళ్ళి కూర్చో. తాలు ఏరుతున్నారు" అంది.

ఆవిడ మా అమ్మను చూసింది, కూతుర్ని చూసింది, అల్లుణ్ణి చూసింది. అల్లుడు మంచినీళ్ళ క్యాన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. తల దించుకుని ఆ క్యాన్ మూత బిగించడం మొదలుపెట్టాడు. బిగిసి ఉన్న మూతనే మళ్ళీ మళ్ళీ బిగించాడు. ఆవిడ, "అలాగేనమ్మా, ఎల్తాను" అని ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

నేను అమ్మను వంటింట్లోకి లాక్కెళ్ళాను. "కన్నతల్లే అమ్మా ఆవిడ. నీకు మనసెలా ఒప్పింది?" అన్నాను. అమ్మ గొంతు కూడా పెంచలేదు. "నువ్వు చూపించావా ఒక్క పిల్లని? నీ కూతుర్నిస్తావా నా కొడుక్కి? ఇప్పుడు నిజం చెబితే మీ అత్తగారింట్లో నీకు కుర్చీ వేస్తారా? వెళ్ళి గాజులు తొడుగు." నేను గాజులు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

బయటకు వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. మరదలు పెరట్లో ఉంది. ఆడవాళ్ళందరూ గుమ్మం దగ్గరకు చేరారు. పట్టు చీరతో, బుగ్గల మీద పసుపుతో, ఆ పిల్ల మిరపకాయల కుప్ప ముందు బరువుగా చతికిలబడి, ఆ తల్లి ముందుకు రెండు చేతులూ చాపింది. గాజుల సంచి తల్లి మోకాలి పక్కనే ఉంది. తీసి తొడగడమే ఆలస్యం. కూలి ఆడవాళ్ళు ఏరడం ఆపేశారు. మా మేనత్త చూపు ఒక మొహం మీంచి ఇంకో మొహం మీదికి వెళ్ళింది.

ఆ తల్లి చేతులు వెనక్కి తీసుకుంది. "లెగండమ్మగారూ" అంది నవ్వుతూ. "చీర పాడవతాది. నా చేతులు కారం. కూలిదాన్ని, నాను తొడగకూడదు. లోనికెళ్ళండమ్మా, పెద్దోలు సూస్తన్నారు." మరదలు కదల్లేదు. అప్పుడావిడ నవ్వు మానేసి, గొంతు తగ్గించి కసిరింది. "ఎల్లమంటన్నానా!"

మరదలు లేచింది. నేను పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. గాజులు నేనే తొడిగాను. చేతులు చల్లగా ఉన్నాయి. "పిచ్చిపిల్ల, కారపు ఘాటుకి కళ్ళ నీళ్ళొచ్చాయి చూడండి" అంటూ అమ్మ అందరికీ తాంబూలాలు పంచింది. మా మేనత్త నమ్మిందో నమ్మినట్టు నటించిందో తెలియదు. ఆవిడకూ పెళ్ళికాని కొడుకొకడున్నాడు. వెళ్తూ వెళ్తూ మధ్యవర్తి ఫోన్ నంబరు అడిగి తీసుకుంది.

ఆ తల్లి సాయంత్రం దాకా ఏరి, అందరితో పాటు పెరట్లోనే విస్తట్లో తిని, చీకటి పడకముందే కూలీల ఆటోలో జగ్గయ్యపేట వెళ్ళిపోయింది. తెచ్చిన చలిమిడి డబ్బా పట్టా మీదే వదిలేసింది. కూలి ఆడవాళ్ళు పంచుకు తిన్నారు. కాన్పుకు పంపడం అన్న మాటే మళ్ళీ ఇంట్లో రాలేదు. నందిగామలో ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు తమ్ముడు అత్తగారికి ఫోన్‌లో చెప్పాడు. చెప్పేటప్పుడు డాబా పైకెళ్ళి చెప్పాడు.

దారి చూపించింది మళ్ళీ అమ్మే. తర్వాతి ఏడాది మిరపకాయల సమయానికి, "ఆవిణ్ణి పిలవరా. పని శుభ్రంగా చేస్తుంది. పిల్లనీ చూసుకున్నట్టుంటుంది" అంది. తాను చేసిన న్యాయానికి తనే మురిసిపోయింది. అప్పటి నుంచి ఏటా ఆవిడ వస్తోంది. కాయలున్నన్నాళ్ళు ఉంటుంది. పెరట్లో రేకుల షెడ్డులో పడుకుంటుంది. అందరితో పాటు కూలి తీసుకుంటుంది. ఇంట్లోకి రాదు. ఎవరూ రావద్దనలేదు, అయినా రాదు.

పోయిన కోతలప్పుడు నేను ఊళ్ళో ఉన్నాను. మధ్యాహ్నం అన్నాల వేళ ఆవిడ మనవరాల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెరుగన్నం తినిపిస్తోంది. పిల్ల ఆవిడ ముక్కుపుడక లాగుతోంది. మరదలు పక్కనే చేటలో బియ్యం చెరుగుతోంది. తల్లీకూతుళ్ళు మాట్లాడుకోవడం లేదు గాని, అంత దగ్గరగా కూర్చుని ఉండటం చూసి నా మనసు కాస్త కుదుటపడింది. ఇదైనా దక్కింది వీళ్ళకు అనుకున్నాను. ఇంతలో పక్కింట్లో కొత్తగా దిగినావిడ పాల గిన్నె కోసం వచ్చింది. కాసేపు ఆ ఇద్దర్నీ చూసి, "ఎవరమ్మా ఈవిడ? పిల్ల బాగా మాలిమైందే" అంది.

నేను ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను. మరదలే ముందు చెప్పింది. చేట ఆపలేదు, తలెత్తలేదు. మాటలో ఎక్కడా ఆ పాత యాస లేదు, అచ్చం మా అమ్మ మాట్లాడినట్టే ఉంది.

"కూలికొచ్చిందండీ పిన్నిగారూ. పిల్లంటే ప్రాణం దానికి."

ఆ తల్లి తల ఊపింది. పిల్ల నోట్లో ఇంకో ముద్ద పెట్టింది.