లామినేషన్ చేయించిన మందుల చీటీ

మా ఆయనకు క్యాన్సర్ ఎముకల్లోకి పాకిన ఏడు నేను అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేసేదాన్ని. అక్షరాలు నేర్చుకున్నదీ అక్కడే, యాభై దాటాక. కోచింగ్‌కు వచ్చిన పిల్లలు కూరగాయలు తరిగే బల్ల మీద నోటుబుక్కు పెట్టి దిద్దించేవారు.

పంజగుట్ట ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయనకు మార్ఫిన్ మాత్రలు రాసింది. ఆ మందు అందరు డాక్టర్లూ రాయకూడదట, దానికి శిక్షణ తీసుకున్నవాళ్ళే రాయాలట. చీటీ కింద నాకోసం తెలుగులో పెద్దపెద్ద అక్షరాలు పెట్టింది: "నాలుగు గంటలకొకటి. నొప్పి తగ్గినా ఆపొద్దు." నేను చదువుతానని ఎవరైనా రాసిన మొదటి కాగితం అది.

వానకు తడిసి మెత్తబడితే, చిరిగిపోతుందని భయపడి మైత్రీవనం పక్క సందులో లామినేషన్ చేయించాను. హాస్టల్ పిల్లలు సర్టిఫికెట్లకు అక్కడికే వెళ్ళేవారు. విలువైన కాగితాన్ని అట్లాగే దాచుకుంటారనుకున్నాను.

మాత్రలు అయిపోయిన సాయంత్రం ఆసుపత్రి మందుల కౌంటర్లో చీటీ ఇచ్చాను. అక్కడి ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిదేందమ్మా, డిగ్రీ పట్టా లెక్క చేయించినవ్? ఇచ్చినప్పుడల్లా దీని మీదనే తేదీ రాసి ముద్ర వెయ్యాలె. ప్లాస్టిక్ మీద ఎట్ల వెయ్యాలె?"

"జర కోసి తియ్యి అన్నా."

"అతుక్కపోయింది. గుంజితే రాత సుత ఊడొస్తది."

"పోయినసారి నువ్వే ఇచ్చినవ్ గద."

"ఇచ్చిన. గీ మందు అట్ల ఇస్తే నా నౌకరీ పోతది. రేపు పొద్దుగాల డాక్టరమ్మ వస్తది, కొత్తది రాయించుకో."

ఆయన తప్పేమీ లేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన చీటీ చేతిలోకి తీసుకుని చూశాడు. "మంచిగ చేయించినవ్. ఇగ నాకన్న ఎక్కువ రోజులుంటది," అన్నాడు. నన్ను నవ్వించడానికే. తరువాత తువ్వాలు పళ్ళ మధ్య పెట్టుకుని గోడవైపు తిరిగాడు. మర్నాడు నేను మాత్రలు తెచ్చేదాకా ఇటు తిరగలేదు. నాలుగు మాత్రలు వేసుకోవలసిన సమయం అది.

డాక్టరమ్మ తిట్టలేదు. "దీన్నైనా ఇట్లాగే ఉంచమ్మా," అని కొత్తది రాసిచ్చింది.

మూడు వారాలకు ఆయన పోయాడు. మిగిలిన మాత్రలు ఇంట్లో ఉంచకూడదంటే తీసుకెళ్ళి అప్పగించాను. కౌంటర్లో ఆయన రిజిస్టర్ నా వైపు తిప్పి, నేను కూడబలుక్కుంటూ సంతకం పూర్తి చేసేదాకా ఓపికగా ఆగాడు. పాత చీటీ అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

అది ఇంకా నా దగ్గరే ఉంది. ఒక్క అక్షరమూ చెదరలేదు.