ఖాళీ అయిన బల్లకు నంద్యాల సరుకు

ఆళ్లగడ్డ నుండి నంద్యాలకు పోయి రావడం కూడా ఒక యాత్రేనా అని అడిగేవారు ఉంటారు. అయినా దీనిని రాసి పెట్టడం అవసరమని భావిస్తున్నాను. రేడియోలు, ఆంప్లిఫయర్లు తమ చేతులతో కట్టుకొనే అలవాటున్నవారు మా ప్రాంతంలో ఇప్పటికీ కొందరున్నారు. విడిభాగాల కోసం వారు ఏ అంగడి మెట్లెక్కినా "ఆ కాలం పోయింది, ఫోన్లో తెప్పించుకోండి" అనే సమాధానమే ఎదురవుతున్నది. ఆ సమాధానాన్ని నేను అంగీకరించలేదు. నా తరువాత వెళ్లేవారికి దారి తెలియాలి.

నేను కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి విరమించినవాడిని. నా గదిలో కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద ఎన్నో ఏళ్లుగా కూడబెట్టిన విడిభాగాల డబ్బాలు ఉండేవి. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ జరిగి నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా అబ్బాయి ప్రసాదు గదికి సున్నం వేయించాడు. ఆ సందడిలో డబ్బాలన్నీ పాత ఇనుము బండిలోకి వెళ్లిపోయాయి. ప్రసాదుకు విత్తనాల అంగడి ఉంది. పత్తి విత్తనాల పెట్టెలు పెట్టుకోవడానికి ఆ గది కావాలని అతడు చాలాకాలంగా అడుగుతున్నాడు.

"నీకు రంగులే సరిగా ఆనవు నాయనా. తప్పుముక్క పెట్టి ఇల్లు కాలుస్తావా?" అన్నాడు.

రంగుల సంగతి నిజమే. ఆపరేషన్ అయిన కంటికి దూరం కనబడుతుంది. దగ్గరి చూపుకు అద్దాలు ఇంకా ఇవ్వలేదు. దగ్గరి పనంతా ఎడమ కంటిదే. ఆ కంటికి ఎరుపు, గోధుమ, ఊదా మూడూ తుప్పు రంగుగానే కనిపిస్తాయి. కరెంటును అదుపు చేసే రెసిస్టరు అనే చిన్న ముక్క విలువ, అంటే ఎన్ని ఓములో, దాని ఒంటి మీది రంగుపట్టీలలోనే ఉంటుంది. కనుక అబ్బాయి మాటలో తర్కం ఉంది. అయితే తర్కం ఉన్నంత మాత్రాన తీర్పు సరైనదని కాదు.

ఒక ఒప్పందానికి వచ్చాము. నేను ఒంటరిగా వెళ్లి మొదటి నుండి సరుకు సమకూర్చుకొని రావాలి. అందులో నుండి అతడు ఒక ముక్క తీస్తాడు. నేను విలువ చెబితే ఓములు కొలిచే మీటరు పెట్టి చూస్తాడు. తప్పయితే గది విత్తనాలకు, ఒప్పయితే బల్ల నాకు.

ఉదయం ఏడు గంటలకు పల్లెవెలుగు బస్సు ఎక్కాను. ఆడవారికి టికెట్టు లేని బస్సు కావడంతో కిక్కిరిసి ఉంది. వెనుక సీటులో మా ఊరి శిల్పి ఓబులేసు జరిగి చోటిచ్చాడు. రాయి కోసే యంత్రాన్ని తువ్వాలులో చుట్టి పసిబిడ్డలా ఒడిలో పెట్టుకొన్నాడు. అది తిరగడం మానేసిందట, బాగుచేయించడానికి తీసుకుపోతున్నాడు.

"మీరు యాడికి సార్, ఈ పొద్దున్నే?"

చెప్పాను. అతడు నా కంటి నల్లద్దాల వైపు చూసి నవ్వాడు. "ఈ కంటితో ఇంకేం కడతారు సార్, రాకెట్టా?"

నీవు వయసు మళ్లాక ఉలి దించుతావా అని అడిగాను. దించనన్నాడు. రాతికి నునుపు వచ్చిందో లేదో తాను చూడనే చూడనని, కళ్లు మూసుకొని బొటనవేలితో రాస్తానని చెప్పాడు. "చూపు మోసం చేస్తాది సార్. వేలు చెయ్యదు." శిరివెళ్ల దాటేవరకూ యంత్రం ధర గురించి, దుమ్ము వల్ల వచ్చే దగ్గు గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. కుడివైపు నల్లమల కొండలు నా కొత్త కంటికి చక్కగా కనబడ్డాయి.

నంద్యాలలో దిగి బస్టాండు ఎదుట ఉగ్గాని, బజ్జి తిన్నాను. మిరపకాయ బజ్జి విషయంలో నంద్యాల వారికి కనికరం లేదు. నీళ్లు దగ్గర పెట్టుకొని కూర్చోండి.

గాంధీ చౌక్ వైపు మొదట కనబడిన పెద్ద ఎలక్ట్రికల్ అంగడిలో అడిగాను. గల్లాపెట్టె దగ్గరున్న శెట్టిగారు రెసిస్టర్లన్న మాట విని పక్కనున్న గుమాస్తాను చూశారు, ఇద్దరూ నవ్వుకొన్నారు. "విడిగా ఎవురు కొంటారు సార్ ఇప్పుడు? ఆ జాకెట్టు గుడ్డల అంగట్లో అడుగుపోండి." దీనిని ఎగతాళిగానే తీసుకొని బయటికి వచ్చేశాను.

ఆ తరువాత టీవీలు బాగుచేసే మస్తాన్ దగ్గరికి వెళ్లాను. ముక్క మార్చే పని మానేసి చాలాకాలమైందని, మొత్తం బోర్డే మారుస్తామని ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. బల్ల కింద చచ్చిన బోర్డుల గోనెసంచి ఉంది. వాటిలో ముక్కలు ఊడబీకుకోవచ్చు, ఊరికే తీసుకోమన్నాడు. నేను ఒప్పుకోలేదు. వేడికి నలిగిన పాత ముక్కలతో కొత్త సరుకు మొదలుపెట్టరాదు. ఈ విషయంలో పాఠకులు కూడా మొహమాటపడవద్దు. అయితే మేలైన టంకం తీగ, కొత్త సోల్డరింగ్ ఐరన్ ఆయన వద్దనే దొరికాయి. విడి సరుకు ఎక్కడని అడిగితే ఆయన కూడా జాకెట్టు గుడ్డల అంగడే చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అది ఒక సందులో ఉన్న మ్యాచింగ్ సెంటరు. ఒక గోడకు దారపు రీళ్లు, లైనింగు గుడ్డలు. రెండవ గోడకు చిన్న సొరుగుల చెక్క బీరువా. యజమానురాలు సుబ్బలక్ష్మి. మామగారి రేడియో భాగాల అంగడి మూతపడితే మిగిలిన సరుకును ఈమె తన అంగట్లోకి తెచ్చుకొన్నది. సొరుగు లాగి చూసి నిర్ఘాంతపోయాను. పసుపు పట్టీతో మొదలయ్యే రెసిస్టర్లన్నీ, విలువతో నిమిత్తం లేకుండా, ఒకే సొరుగులో ఉన్నాయి. ఎరుపువన్నీ మరొక దానిలో. దారాలు సర్దినట్లే సర్దింది.

"వీటికొక శాస్త్రం ఉందమ్మా," అన్నాను. గొంతు కొంచెం హెచ్చినట్లుంది.

"మాకూ ఉండాది సార్. గిరాకీ గుడ్డ చూపిస్తే రంగు చేతికి రావాల. రాలేదంటే పక్కంగడికి పోతారు."

కోపంతోనే పసుపు సొరుగు ముందు కూర్చొన్నాను. మొదటి పట్టీ మొదటి అంకెను, రెండవది రెండవ అంకెను, మూడవది సున్నాల సంఖ్యను తెలుపుతాయి; పసుపు అంటే నాలుగు, ఊదా అంటే ఏడు. ఎడమ కంటికి రెండవ పట్టీ తుప్పుగానే కనబడింది. అయినా అది ఊదాయేనని నాకు తెలుసు. తయారీదారులు అన్ని అంకెలూ చేయరు. సాధారణ శ్రేణిలో నాలుగుతో మొదలయ్యేది నలభై ఏడు ఒక్కటే. చూడనవసరమే లేదు. ఆమె చేసిన తప్పు అమరిక సగం పని చేసి పెట్టింది.

అక్కడే నిర్ణయించుకొన్నాను. ఒక్కొక్క మొదటి రంగుకు ఒకే అంకెల జత: పది, ఇరవై రెండు, ముప్పై మూడు, నలభై ఏడు, అరవై ఎనిమిది. తక్కినవి వద్దు. ఈ అయిదింటిని కలిపి వాడితే ఇంటి పనులకు లోటుండదు. కొత్తగా మొదలుపెట్టేవారు కూడా ఇలాగే కొనండి. రకాలు తక్కువ, ముక్కలు ఎక్కువ.

మిగిలిన రంగులు విడదీయడానికి ఆమె కన్ను కావలసి వచ్చింది. గిరాకీ లేని వేళ చూసి కూర్చొని, ఒక్కొక్క ముక్కా వెలుగులో తిప్పి "ఇది వంకాయ, ఇది మిరపపండు, ఇది వక్కపొడి" అంటూ వేరు చేసింది. ఏ రంగుకు ఏ అంకెయో నేను చెబుతూ వచ్చాను. పొట్లాల మీద విలువ రాయమంటే ప్లాస్టిక్ మీద సిరా నిలవదన్నది. పొట్లాం మూతిని దారంతో కట్టబోతుండగా ఆమె చేయి ఆపాను.

"కొసలు పొడుగ్గా వదులమ్మా. ఒక కొసన మొదటి అంకె ఎంతో అన్ని ముడులు వెయ్యి. రెండవ కొసన సున్నాలన్ని."

"ఏందికి సార్?"

"వేలితో చదువుకొంటాను."

ఆమె నా ముఖం చూసి ముడులు వేసింది. రెండవ కొసను గుర్తుపట్టేలా చివర చిన్న గుండీ కూడా కట్టింది. అది ఆమె ఆలోచన. కెపాసిటర్లు, డయోడ్లు, ట్రాన్సిస్టర్ల మీద అక్షరాలుంటాయి కనుక భూతద్దంతో నేనే ఏరుకొన్నాను. మొత్తం ఖర్చు నలుగురి భోజనం కంటే తక్కువ. అప్పటికి రెండు దాటింది. పక్క మెస్సులో పప్పన్నం తిని మరొకసారి వెళ్లి ముడులన్నీ సరిచూసుకొన్నాను. ఎక్కడా తేడా లేదు.

తిరుగు బస్సులో ఓబులేసు మళ్లీ కలిశాడు. ఒడిలో పాత యంత్రమే ఉంది. కొత్తది కొనుక్కోమని మూడు అంగళ్లలో చెప్పారట. నాలుగో వాడితో తగవు పెట్టుకొని బాగుచేయించాడు. నా పొట్లాలు చూపమన్నాడు. దారపు కొసలను తడిమి తల ఊపాడు.

ఆళ్లగడ్డ బస్టాండులో ప్రసాదు బైకు మీద కాచుకొని ఉన్నాడు, మీటరు జేబులో పెట్టుకొని. ఇంటిదాకా ఆగలేదు. సంచిలో చేయి పెట్టి ఒక పొట్లాం తీసి, అందులోంచి ఒక ముక్క పట్టుకొని, పొట్లాం నా చేతిలో పెట్టాడు. "చెప్పు నాయనా."

నేను రోడ్డు వైపు చూస్తూ దారం తడిమాను. నాలుగు. గుండీ వైపు మూడు.

"నలభై ఏడు వేల ఓములు."

మీటరు పెట్టాడు. వెంటనే ముఖం వెలిగింది. "తప్పు. నలభై ఆరు పాయింటు ఎనిమిది చూపిస్తాండాది."

"చివరి పట్టీ బంగారు రంగుది. అయిదు శాతం వరకు తేడా ఉండవచ్చునని తయారుచేసినవాడే చెప్పాడు. మీ అంగడిలో విత్తనాలు అన్నీ మొలుస్తాయా?"

నా వెనుకే బస్సు దిగిన ఓబులేసు పెద్దగా నవ్వాడు. ప్రసాదు దారం వైపు అప్పుడు చూశాడు. "చూసి చెప్పమంటే తడిమి చెప్తివి."

"చూడమని ఒప్పందంలో లేదు. చెప్పమని ఉంది."

అతడు బైకు స్టార్టు చేశాడు. "పత్తి పెట్టెలు యాడ పెట్టాల మరి?"

"మెట్ల కింద." సంచి ఒడిలో పెట్టుకొని వెనుక కూర్చొన్నాను.

ఆళ్లగడ్డకు నంద్యాల దూరం కాదు, అక్కడ సరుకు కరువు కూడా కాదు. ఎగతాళిని కూడా దారి చెప్పినట్లుగానే తీసుకొని వెళ్లాలి. నా రాతలో అంగడి గుర్తులు గానీ, విలువలు గానీ తప్పి ఉంటే తెలిసినవారు దయచేసి సరిదిద్దగలరు. అయిదు శాతంలోపు తప్పులకు మాత్రం నేను బాధ్యుణ్ణి కాను.